యూరిక్ యాసిడ్ 7.9 వచ్చింది, ఎక్కడా నొప్పి లేదు. గుండెకి ప్రమాదమా?

ఉండి కాలువ:

అందరికీ నమస్కారమండి. నాకు 42 ఏళ్లు. భీమవరం పక్కన రొయ్యల మేత డీలర్‌ని. రోజూ అరవై, డెబ్భై కిలోమీటర్లు బండి మీద చెరువుల వెంట తిరుగుతాను. సిగరెట్ అలవాటు లేదు. నెలకి రెండు మూడుసార్లు బీరు. జ్వరం వస్తే తప్ప డాక్టర్ మొహం చూసింది లేదు.

పోయిన నెలలో మా ఆవిడ పోరు పడలేక ఫుల్ బాడీ చెకప్ చేయించుకున్నాను. ఆవిడ భయానికి కారణం ఉంది. మా నాన్నగారు 57వ ఏట పోయారు. అర్ధరాత్రి కరెంటు పోయి, చెరువు నీళ్లకి గాలి అందించే ఏరేటర్లు ఆగిపోతే జనరేటర్ వేయడానికి చెరువు దగ్గరికి పరిగెత్తారు. జనరేటర్ స్టార్ట్ చేసి గట్టు మీద కూర్చున్న మనిషి మళ్లీ లేవలేదు. రొయ్యలు బతికాయి. అప్పటినుంచి మా ఇంట్లో ఎవరికి గుండెల్లో మంట అన్నా మా ఆవిడ మొహం తెల్లబోతుంది.

చెకప్‌కి శాంపిల్ ఇచ్చింది ఆదివారం పొద్దున. శనివారం రాత్రి మా బావమరిది హైదరాబాద్ నుంచి వచ్చాడు. రొయ్యల వేపుడు, రెండు బీర్లు అయ్యాయి. పరగడుపున రమ్మన్నారు కదా అని రాత్రి తొమ్మిది తర్వాత మంచినీళ్లు కూడా ముట్టుకోలేదు. ఇంత నిష్ఠగా ఏ ఏకాదశికీ ఉండలేదు.

రిపోర్ట్ ఫోన్‌కి వచ్చింది, పదకొండు పేజీలు. అంతా నల్లక్షరాలే. ఒక్కచోట మాత్రం ఎర్రగా, పక్కన పైకి బాణం. యూరిక్ యాసిడ్ 7.9. నార్మల్ 3.5 నుంచి 7.2 అని రాసుంది. షుగర్ పరవాలేదు, కిడ్నీల పని చెప్పే క్రియాటినిన్ 1.0. కొలెస్ట్రాల్ దగ్గర బోర్డర్‌లైన్ అని ఉంది. బోర్డర్ ఇంకా దాటలేదు కదా అనుకుని వదిలేశాను.

ఇక్కడి నుంచి మొదలైంది గోల. మా బావమరిది ఒక వీడియో పంపాడు. అందులో ఒకాయన యూరిక్ యాసిడ్ 5 దాటితే గుండెకి ముప్పేనని, నొప్పి లేకపోవడమే దీని మోసమని చెప్తున్నాడు. మందుల షాపు కుర్రాడు నాకు బాగా తెలిసినవాడు. రిపోర్ట్ చూసి "ఇది గుండెకి మంచిది కాదన్నాయ్" అని, యూరిక్ యాసిడ్ తగ్గించే ఫెబుక్సోస్టాట్ 40 మాత్రలు ఒక స్ట్రిప్ చేతిలో పెట్టాడు. రోజుకొకటి, జీవితాంతం వేసుకోవాలన్నాడు. ఆ స్ట్రిప్ ఫ్రిజ్ మీద ఉంది. ఇంకా చింపలేదు.

మా ఆవిడ ఇంట్లో కందిపప్పు, టమాటా, పాలకూర, వంకాయ అన్నీ ఆపేసింది. మూడు వారాలుగా మజ్జిగ పులుసు, దోసకాయ. ఆదివారం రొయ్యల కూర మాత్రం ఆగలేదండి. రైతులు అభిమానంగా ఇచ్చి పంపుతారు, కాదనలేం. వాటి ఊసు ఎవరూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

నాకు కాళ్లనొప్పి లేదు, కీళ్లవాపు లేదు. ఏమీ లేనివాడికి ఈ 7.9 వల్ల గుండెజబ్బు వస్తుందా? ఆ మాత్ర వేసుకుంటే ఆగుతుందా? తెలిసినవాళ్లు చెప్పండి. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.


సైకిల్ సత్తిబాబు:

టెన్షన్ పడకండి బ్రదర్. నాకు మూడేళ్లుగా 8 పైనే ఉంది, రాయిలా ఉన్నాను. పొద్దున్నే పరగడుపున గోరువెచ్చని నీళ్లలో యాపిల్ సైడర్ వెనిగర్ రెండు చెంచాలు వేసుకుని తాగండి. రాత్రి నానబెట్టిన మెంతులు తినండి. పప్పు మాత్రం వద్దు. అంతే, మాత్రలూ గీత్రలూ వేసుకోకండి.


ల్యాబ్ పిన్ని:

సత్తిబాబూ, మూడేళ్లు వెనిగర్ తాగినా నీది ఇంకా 8 పైనే ఉందని నువ్వే రాశావు కదయ్యా.

ఉండి కాలువ బాబూ, మాది ఖమ్మం వైపు. సర్కారు ఆస్పత్రి ల్యాబ్‌లో 29 ఏళ్లు చేసి రిటైరయ్యాను. డాక్టర్‌ని కాదు, గుండె సంగతి నేను మాట్లాడను. ఆ ఎర్ర బాణం సంగతి మాత్రం చెప్తాను, ఎందుకంటే 29 ఏళ్లు ఆ బాణాలతోనే కాపురం చేశాను.

ఆ బాణం వేసేది డాక్టర్ కాదు. కంప్యూటర్‌లో ఒక రేంజ్ ఎక్కించి ఉంటుంది, అంకె అది దాటగానే రంగు మారుతుంది. ఆ రేంజ్ ఎలా వస్తుందంటే, ఆరోగ్యంగా ఉన్న చాలామంది రక్తం చూసి, నూటికి 95 మంది ఎక్కడినుంచి ఎక్కడివరకు ఉన్నారో అది తీసుకుంటారు. మిగిలిన అయిదుగురికి కూడా జబ్బేమీ లేదు. ఒక్కో ల్యాబ్‌లో ఈ గీత ఒక్కోచోట ఉంటుంది. ఒకచోట 7.0, ఇంకోచోట 7.2. ఆడవాళ్లకి దాదాపు 6 దగ్గరే గీస్తారు, నెలసరి ఉన్నన్నాళ్లూ ఈస్ట్రోజెన్ వల్ల అది మూత్రంలో బాగా పోతుంది. ఆగిపోయాక వాళ్లకీ పెరుగుతుంది.

అసలు చూసుకోవాల్సిన గీత 6.8. మన ఒంటి వేడి దగ్గర యూరిక్ యాసిడ్ అంతవరకే కరిగి ఉంటుంది. అది దాటితే స్ఫటికాలు కట్టడానికి వీలుంటుంది. పాకం ముదిరాక చల్లారితే గిన్నె అంచున పంచదార పలుకులు కడతాయి చూడు, అదే లెక్క. కాలి బొటనవేలు ఒంట్లో చల్లగా ఉండే చోటు కదా, అందుకని గౌట్, అంటే ఆ స్ఫటికాలు కీళ్లలో కట్టి వచ్చే నొప్పి, ఎక్కువమందికి అక్కడే మొదలవుతుంది. అలాగని 6.8 దాటినవాళ్లందరికీ కట్టవు. చాలామందికి జన్మలో రాదు.

ఇక నీ శాంపిల్. రాత్రి బీరు, రొయ్యలు, తెల్లారేదాకా గుక్కెడు నీళ్లు లేవు. ఈ మూడూ అంకెను పైకి తోసేవే. మందు తాగితే ఒంట్లో లాక్టేట్ అనే పదార్థం పెరిగి, కిడ్నీలు యూరిక్ యాసిడ్‌ని బయటికి పంపడం తగ్గిస్తాయి. ఒంట్లో విరిగి యూరిక్ యాసిడ్‌గా మారే ప్యూరిన్లు కూడా బీరులో ఉంటాయి కాబట్టి రెండు వైపులా వాయింపు. పరగడుపు అంటే తిండి మానమని బాబూ, నీళ్లు మానమని కాదు. ఈ మాట చెప్పీ చెప్పీ నా గొంతు పోయింది. పొద్దున్నే నోరెండి వచ్చినవాళ్లకి నరం దొరక్క మేం పడ్డ పాట్లు దేవుడికే తెలుసు.

మూడు నాలుగు వారాలు ఆగి, ముందు నాలుగు రోజులు బీరు ముట్టకుండా, మామూలుగా నీళ్లు తాగి మళ్లీ ఇవ్వు. 7.9 కాస్తా 7.1 అయినా ఆశ్చర్యపోను. తగ్గకపోయినా నష్టం లేదు, అప్పుడు అది నీ నిజమైన అంకె అని తెలుస్తుంది.

ఇంకో మాట. ఇలాంటి చెకప్‌లలో రక్తం తీసే ముందు సిస్టర్ బరువు, ఎత్తు, బీపీ చూసి మొదటి పేజీలో రాస్తుంది. దానికి మిషన్ బాణం వేయదు, చేత్తో రాసింది కాబట్టి. నీ మొదటి పేజీలో ఏముంది?


ఉండి కాలువ:

పిన్నిగారూ, ఇప్పుడే తీసి చూశాను. బరువు 84, ఎత్తు 5 అడుగుల 6. బీపీ 148/94. పెన్నుతో రాసి స్కాన్ చేశారు, సరిగ్గా కనపడను కూడా లేదు. కొలెస్ట్రాల్ కూడా రాస్తున్నాను, అడుగుతారేమో. చెడ్డ కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ 151, మంచిదనే హెచ్‌డీఎల్ 37, రక్తంలో కొవ్వు ట్రైగ్లిజరైడ్స్ 212. మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 5.9.

నిజం చెప్పాలంటే ఆ పేజీ నేను చదవనే లేదు. పేరు, వయసు ఉండే పేజీయే కదా అనుకున్నాను.


నైట్ డ్యూటీ:

ల్యాబ్ పిన్నిగారికి ముందు ఒక నమస్కారం. కరీంనగర్‌లో జనరల్ మెడిసిన్ చేస్తాను. రాత్రి రెండైంది, వార్డు కాస్త సద్దుమణిగింది, అందుకని వివరంగా రాస్తున్నాను.

ఉండి కాలువ గారూ, మీ బావమరిది పంపిన వీడియో పూర్తిగా అబద్ధం కాదు. అదే దానితో చిక్కు. ఇటలీలో ఇరవై రెండు వేలమందికి పైగా వివరాలు చూసిన ఉర్రా అనే అధ్యయనం ఉంది. యూరిక్ యాసిడ్ 5.6 దాటినవాళ్లలో గుండె, రక్తనాళాల జబ్బులతో మరణాలు ఎక్కువగా కనిపించాయని 2020లో ప్రచురించారు. అన్ని రకాల మరణాలకీ కలిపి చూస్తే ఆ గీత 4.7 దగ్గరే వచ్చింది. 5 అనే అంకె ఇలాంటి చోట్ల నుంచే పుట్టి ఉంటుంది. అమెరికాలో జాతీయ ఆరోగ్య సర్వేలో పాల్గొన్న 5,926 మంది వివరాలతో 2000లో వచ్చిన పేపర్ కూడా ఇదే వైపు మొగ్గింది.

కానీ దానికి ఒక్క ఏడాది ముందు, 1999లో, ఫ్రేమింగ్‌హామ్ వాళ్లు దీనికి ఎదురు చెప్పారు. ఫ్రేమింగ్‌హామ్ అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలో ఒక ఊరు. 1948 నుంచి ఆ ఊరివాళ్ల గుండెల్ని తరాల తరబడి గమనిస్తున్నారు. బీపీ, కొలెస్ట్రాల్ గుండెకి ముప్పని ఈ రోజు మనం ధైర్యంగా చెప్తున్నామంటే అందులో ఆ ఊరి వాటా చాలా ఉంది. అక్కడ 6,763 మందిని చూశారు. మగవాళ్లలో వయసు లెక్కలోకి తీసుకోగానే యూరిక్ యాసిడ్‌కీ గుండెజబ్బుకీ సంబంధం కనపడలేదు. ఆడవాళ్లలో మొదట కనిపించింది, మిగతా కారణాలన్నీ లెక్కలో వేశాక పోయింది. ఆ సంబంధాన్ని చెరిపేసిన అసలు సంగతి ఏమిటో తెలుసా? వాళ్లు వాడుతున్న నీరు పోయే మాత్రలు. బీపీకి ఇచ్చే ఆ మాత్రలు యూరిక్ యాసిడ్‌ని పెంచుతాయి. బీపీ ఉన్నవాళ్లే అవి వాడతారు, బీపీ ఉన్నవాళ్లకే గుండెజబ్బు వస్తుంది. మధ్యలో యూరిక్ యాసిడ్ మీద నేరం పడింది.

ఈ పేచీ దశాబ్దాలుగా నడుస్తోంది. ఎందుకు తెగలేదంటే, యూరిక్ యాసిడ్ ఒంటరిగా పెరగదు. పొట్ట పెరిగి, ఇన్సులిన్ సరిగ్గా పనిచేయనప్పుడు ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువగా తిరుగుతుంది, అది కిడ్నీల చేత యూరిక్ యాసిడ్‌ని వెనక్కి లాగిస్తుంది. బీపీ పెరిగినా, కిడ్నీ పని మందగించినా అంతే, పోవలసింది పోదు. గుండెని దెబ్బతీసేవి చాలావరకు ఈ అంకెని కూడా పెంచుతాయి. చెరువులో ఆక్సిజన్ పడిపోతే రొయ్యలు తెల్లారకముందే పైకి తేలి అంచులకి వస్తాయి. అది మీకు నాకంటే బాగా తెలుసు. పైకి తేలిన రొయ్యలని వల వేసి కిందకి నెట్టి, పని అయిపోయిందని ఇంటికి వెళ్లరు కదా మీరు.

దీన్ని తేల్చడానికి రెండు దారులున్నాయి. ఒకటి జన్యువుల దారి. కొందరికి పుట్టుకతోనే, తిండితో పొట్టతో సంబంధం లేకుండా, జన్యువుల వల్ల యూరిక్ యాసిడ్ ఎక్కువ ఉంటుంది. అదే గుండెని చెడగొట్టేదైతే వాళ్లకి గుండెజబ్బులు ఎక్కువ రావాలి. డెన్మార్క్‌లో కోపెన్‌హాగన్ వాళ్లు ఇలా చూసి 2013లో ప్రచురించారు. గుండెజబ్బుకి గానీ బీపీకి గానీ యూరిక్ యాసిడ్ కారణమని తేలలేదు. లావు పెరగడం వల్ల యూరిక్ యాసిడ్ పెరుగుతుందని మాత్రం తేలింది.

రెండోది మందు ఇచ్చి చూడటం. బ్రిటన్‌లో ఆల్‌హార్ట్ అనే ట్రయల్ చేశారు, ఫలితం 2022లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. 60 ఏళ్లు దాటి, గుండె రక్తనాళాల జబ్బు ఉండి, గౌట్ లేని 5,721 మంది. సగంమందికి యూరిక్ యాసిడ్ తగ్గించే అల్లోప్యూరినాల్ ఇచ్చారు, సగంమందికి ఇవ్వలేదు. సగటున అయిదేళ్లకి కాస్త తక్కువ కాలం గమనించారు. గుండెపోటు, పక్షవాతం, గుండె సంబంధ మరణం కలిపి మందు వాడినవాళ్లలో 11.0 శాతం, వాడనివాళ్లలో 11.3 శాతం. యూరిక్ యాసిడ్ మాత్రం సగానికి దగ్గరగా పడిపోయింది. అంకె దిగింది, గుండెకి ఒరిగింది లేదు.

నిజాయితీగా ఒకటి చెప్పాలి. వాళ్లు అప్పటికే గుండెజబ్బు ఉన్న పెద్దవాళ్లు, మీలాంటి 42 ఏళ్ల మనిషి కాదు. చిన్నవయసులో కథ వేరే అయి ఉండొచ్చని వాదించేవాళ్లు ఉన్నారు. దానికి ఆధారం కూడా కొంత ఉంది. కొత్తగా బీపీ వచ్చిన 30 మంది టీనేజ్ పిల్లలకి అల్లోప్యూరినాల్ ఇస్తే బీపీ తగ్గిందని 2008లో వచ్చింది. ముప్ఫై మందిని చూసి ఊరందరికీ మాత్ర రాయలేం. జపాన్ డాక్టర్లు మిగతావాళ్లకంటే ముందడుగు వేస్తారు, నొప్పి లేకపోయినా 9 దాటితే మందు ఆలోచిస్తారు, బీపీ, కిడ్నీ సమస్యలుంటే 8 దగ్గరే. అమెరికాలో కీళ్లవాత నిపుణుల సంఘం 2020లో చెప్పిన మాట వేరు. నొప్పి రానివాళ్లకి ఉత్త అంకె చూసి మందు మొదలుపెట్టడాన్ని వాళ్లు సిఫార్సు చేయలేదు. నేను రెండో దారిలో నడుస్తాను.

ఇప్పుడు మీ ఫ్రిజ్ మీది స్ట్రిప్. దీని గురించి రాయడానికే అసలు కూర్చున్నాను. గుండెకి మంచిదని మీకిచ్చిన ఆ ఫెబుక్సోస్టాట్ మీద 2019లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ నల్ల గడి హెచ్చరిక, అంటే మందుల మీద వేసే వాటిలో అన్నిటికంటే గట్టి హెచ్చరిక, వేయించింది, గుండె సంబంధ మరణాల గురించి. గౌట్‌తో పాటు గుండెజబ్బు ఉన్న 6,190 మందిలో దాన్ని అల్లోప్యూరినాల్‌తో పోల్చారు. ఫెబుక్సోస్టాట్ వాళ్లలో గుండె సంబంధ మరణాలు 4.3 శాతం, రెండోవాళ్లలో 3.2. తర్వాత 2020లో ఐరోపాలో చేసిన ఫాస్ట్ ట్రయల్‌లో అలాంటి తేడా కనపడలేదు, కాబట్టి అది విషమని నేను అనను. గౌట్ ఉన్నవాళ్లకి నేనూ రాస్తాను. కానీ నొప్పి లేని మీకు, గుండె పేరు చెప్పి, చీటీ లేకుండా జీవితాంతమా? అల్లోప్యూరినాల్‌కి మార్చుకుందామని కూడా అనుకోకండి. అది కొద్దిమందిలో ఒళ్లంతా చర్మం ఊడిపోయే రియాక్షన్ తెస్తుంది. ఒకసారి చూసినవాడు మర్చిపోలేడు. అవసరం ఉన్నప్పుడు ఆ రిస్క్ తీసుకుంటాం, తక్కువ డోసుతో మొదలుపెట్టి చూసుకుంటూ పెంచుతాం.

అసలు సంగతి మీ రిపోర్ట్‌లో ఎర్రరంగు లేని చోట ఉంది. బీపీ 148/94, ఎల్‌డీఎల్ 151, హెచ్‌డీఎల్ 37, షుగర్ అంచున, 84 కిలోలు, 57 ఏళ్లకి పోయిన తండ్రి. వీటిలో ఏ రెండు కలిసినా నాకు మీ 7.9 కంటే ఎక్కువ భయం. వీటిలో బీపీని, ఎల్‌డీఎల్‌ని తగ్గిస్తే గుండెపోట్లు తగ్గుతాయని చూపించిన ట్రయల్స్ ఒకటి రెండు కాదు.

ఒక్కసారి చూసిన బీపీతో బీపీ ఉందని ముద్ర వేయను. చేతికి కట్టుకునే డిజిటల్ మిషన్ కొనండి, మణికట్టుది వద్దు, మోచేయి పైన కట్టేది. వారంరోజులు పొద్దున రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు. అయిదు నిమిషాలు వీపు ఆనించి కూర్చుని, కాళ్లు నేలకి ఆనించి, మాట్లాడకుండా. టీ తాగిన అరగంటలోపు వద్దు. మొదటిరోజు అంకెలు పక్కన పెట్టి మిగతా వాటి సగటు తీయండి. 135/85 దాటితే బీపీ ఉన్నట్టే. ఆ కాగితం పట్టుకుని మీ ఊళ్లోనే ఫిజీషియన్ దగ్గరికి వెళ్లండి. మాత్ర అవసరమైతే యూరిక్ యాసిడ్ సంగతి కూడా చెప్పండి. నీరు పోయే రకం మాత్ర దాన్ని పెంచుతుంది, లోసార్టాన్ అనేది కొంచెం తగ్గిస్తుంది. ఏది ఇవ్వాలో ఆయన మిమ్మల్ని చూసి నిర్ణయిస్తారు. కొలెస్ట్రాల్ మాత్ర సంగతి కూడా అక్కడే అడగండి.

ఎమర్జెన్సీ నుంచి ఫోన్ వస్తోంది. పప్పు సంగతి ఇంకెవరైనా రాయండి, పాపం మూడు వారాలుగా దోసకాయ తింటున్నారు.


బొటనవేలు బాధితుడు:

ఆ పప్పు సంగతి నేను రాస్తాను, దాని మీద నాకు కసి ఉంది. నెల్లూరు మాది. 2016లో మొదటిసారి వచ్చింది గౌట్. రాత్రి మామూలుగా పడుకున్నాను, మూడింటికి బొటనవేలు ఎవరో పట్టకారుతో పట్టి తిప్పుతున్నట్టు లేచాను. దుప్పటి తగిలినా ప్రాణం పోయేది. ఫ్యాన్ గాలికి కూడా నొప్పి అంటే మా వాళ్లు నవ్వారు.

అప్పుడు అందరూ పప్పు మానమన్నారు, మానేశాను. సాంబారు లేదు, ఇడ్లీ లేదు, పెసరట్టు లేదు. నెత్తళ్లు మాత్రం వదల్లేదు, చేప ఆరోగ్యమని. వేట మాంసం, కార్జం కూడా. ఏడాదిలో మళ్లీ రెండుసార్లు వచ్చింది. చివరికి చెన్నైలో కీళ్ల డాక్టరమ్మ దగ్గరికి వెళ్తే నా తిండి లిస్టు చూసి తల పట్టుకుంది. మానాల్సినవి తిని తినాల్సినవి మానేశావు నాయనా అంది.

ఆవిడే చెప్పింది, అమెరికాలో 47,150 మంది మగవాళ్లని పన్నెండేళ్లు చూసి 2004లో రాశారట. మాంసం, చేపలు, రొయ్యల్లాంటివి ఎక్కువ తిన్నవాళ్లకి గౌట్ ఎక్కువ వచ్చింది. ప్యూరిన్లున్న కూరగాయలు, పప్పుధాన్యాలు తిన్నవాళ్లకి పెరగలేదు. పాలు, పెరుగు తీసుకున్నవాళ్లకి తగ్గింది. కాబట్టి అన్నా, మీ ఆవిడకి చెప్పి కందిపప్పు డబ్బా దింపించండి. టమాటా కూడా. కొంతమంది గౌట్ వాళ్లు టమాటా తింటే నొప్పి వస్తుందంటారు, మీకు నొప్పే లేదు కదా. వెన్న తీసిన మజ్జిగ మాత్రం అలాగే ఉంచండి. తగ్గించాల్సింది ఆ ఆదివారం కూర, బీరు, కూల్‌డ్రింకులు. తీపి కూల్‌డ్రింకుల్లో ఫ్రక్టోజ్ ఉంటుంది, అదీ యూరిక్ యాసిడ్ పెంచేదే. ఎండలో చెరువుల మీద తిరిగేవాళ్లు రోజుకి రెండు మూడు తాగేస్తారు, మా అన్న కొడుకు అంతే.

రొయ్యల ఊరివాడికి రొయ్యలు తగ్గించమని చెప్పడం పాపమే. పూర్తిగా మానమనను.

ఇంకొకటి, నాలాంటి నొప్పి వచ్చినవాళ్లకి లెక్క వేరు. నేను మాత్ర వాడుతున్నాను, 6 కిందకి దింపి ఉంచుతున్నాను, నాలుగేళ్లుగా అటాక్ లేదు. గౌట్ అటాక్ వచ్చిన తర్వాత నాలుగు నెలలదాకా గుండెపోటు, పక్షవాతం కాస్త ఎక్కువగా కనిపించాయని బ్రిటన్ వాళ్లు 2022లో రాశారని కూడా ఆవిడే చెప్పింది. ఆ వాపు ఒళ్లంతా రక్తాన్ని రగిలిస్తుందట. ఇక్కడ చదివి గౌట్ ఉన్నవాళ్లెవరూ మాత్రలు ఆపేయకండి.


ఉండి కాలువ:

ఆరు వారాల తర్వాత రాస్తున్నాను, ఆలస్యమైంది, రొయ్యల పట్టుబడులు నడుస్తున్నాయి.

మిషన్ కొన్నాను. మొదటిరోజు 160 వచ్చింది, చూసి కంగారుపడి మళ్లీ చూస్తే 166. డాక్టర్‌గారు మొదటిరోజువి పక్కన పెట్టమని ఎందుకన్నారో అప్పుడు అర్థమైంది. మిగతా ఆరు రోజుల సగటు 144/91. మా అమ్మాయి తొమ్మిదో తరగతి, సగటు తనే తీసింది. చలిమిడి ముద్దలా కూర్చోకు నాన్నా, వీపు ఆనించు అని రోజూ పాఠం.

ఊళ్లో ఫిజీషియన్ దగ్గరికి వెళ్లాను. ఈసీజీ బాగుంది. లోసార్టాన్ 50 రాశారు, కొలెస్ట్రాల్‌కి రాత్రిపూట ఒకటి. నాన్నగారి సంగతి చెప్పాక కొలెస్ట్రాల్ మాత్ర గురించి ఆయన ఆలోచించలేదు, నేరుగా రాసేశారు. ఫెబుక్సోస్టాట్ స్ట్రిప్ చూపిస్తే ఇది ఎవరిచ్చారని అడిగారు, తెలిసినవాళ్లని చెప్పాను. షాపులో తిరిగి ఇచ్చేశాను. కుర్రాడు ఏమీ అనలేదు, డబ్బులు బీపీ మాత్రల్లో సర్దాడు.

యూరిక్ యాసిడ్ మళ్లీ చేయించాను పిన్నిగారూ, నీళ్లు తాగి, పది రోజులు బీరు లేకుండా, బీపీ మాత్ర మొదలెట్టకముందే. 7.0. మీరు 7.1 అన్నారు.

కూల్‌డ్రింకులు బొటనవేలు అన్న అన్నట్టే రోజుకి రెండు, కొన్నిరోజులు మూడు తాగేవాణ్ని. ప్రతి చెరువు దగ్గరా ఒకటి ఇస్తారు, మర్యాదకి. ఇప్పుడు షుగర్ ఉందని అబద్ధం చెప్తున్నాను, ఒప్పుకుని మజ్జిగ ఇస్తున్నారు. బరువు 84 నుంచి 81కి వచ్చింది.

పప్పు తిరిగి వచ్చింది ఇంటికి. ఆదివారం రొయ్యలు నెలకి రెండుసార్లకి దిగాయి.

ఒక్క సందేహం మిగిలింది. బీపీ మాత్ర పొద్దున వేసుకోవాలా రాత్రా? ఆయన పొద్దున అన్నారు, మా బావమరిది రాత్రి అని ఇంకో వీడియో పంపాడు.


నైట్ డ్యూటీ:

ఆయన చెప్పినట్టు పొద్దునే. అసలైతే మీకు మర్చిపోకుండా గుర్తుండే టైమ్ ఏదైతే అది, రోజూ ఒకే టైమ్. పొద్దున వేసుకున్నా రాత్రి వేసుకున్నా గుండెపోట్లలో తేడా లేదని బ్రిటన్‌లో ఇరవై ఒక్క వేలమందిని చూసి 2022లో తేల్చారు. రెండు వారాలకి పొటాషియం, క్రియాటినిన్ ఒకసారి చేయించండి, లోసార్టాన్ మొదలెట్టారు కాబట్టి.


ల్యాబ్ పిన్ని:

చేయించేటప్పుడు నీళ్లు తాగి వెళ్లు బాబూ.